పాస్‌వర్డ్ కోసం పెనుకొండకు

పోయిన వారం మనం భారతిని హిందూపురంలో, అంతకుముందెప్పుడూ గడప తొక్కని ఒక ఇంట్లో, కాఫీ గ్లాసు చేతికిచ్చి కూర్చోబెట్టి వచ్చేశాం. అది జయప్రకాష్ వాళ్ళ అక్క నాగక్క ఇల్లు. "మా తమ్ముడు ఈడ లేడమ్మా, పెనుకొండలో జెరాక్సు అంగడి పెట్టుకున్నాడు" అన్న ఒక్క ముక్క గుమ్మంలోనే చెప్పి ఉంటే భారతి వెనక్కి తిరిగి బస్సు ఎక్కేసేది. నాగక్క అలా చెప్పే మనిషి కాదు. తమ్ముడి చదువు, తమ్ముడి పట్టుదల, తమ్ముడికి కుదిరినట్టే కుదిరి తప్పిపోయిన సంబంధాలు అన్నీ అయ్యాక, గ్లాసు కడగడానికి లేస్తూ చెప్పింది. భారతికి ఆ గ్లాసు నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు, మంచి పిల్ల కాబట్టి.

ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి. ధర్మవరంలో పట్టు చీరల నేతగాళ్ళ సొసైటీ ఒకటుంది. దానికో వెబ్‌సైటు ఉంది. సొసైటీ ఆఫీసులో కంప్యూటర్ పని చూసేది మన భారతి. ఆ కంప్యూటర్నీ, ఆ వెబ్‌సైటునీ, వాటి రోగాలన్నిటినీ తనకంటే ముందు అక్కడ పనిచేసి అలిగి వెళ్ళిపోయిన జయప్రకాష్ దగ్గర్నుంచి వారసత్వంగా పుచ్చుకుంది. భారతి నాయన కుళ్ళాయప్ప అదే సొసైటీలో నేతగాడు. ఆయన తీర్చిన కొత్త అంచు డిజైను ఫోటోలను, బెంగుళూరు వ్యాపారి ఒక్కడే చూసేటట్టు, వెబ్‌సైటులో ఎవరికీ కనపడని పేజీలో పెట్టారు. చీర అంగడికి రాకముందే అదే అంచు, అదే నెమలి మెడ రంగుతో మరమగ్గం చీరలు హిందూపురం అంగళ్ళలో వేలాడుతున్నాయి. ఫోటోలు ఎక్కించింది భారతి, కాబట్టి దొంగ భారతి. సొసైటీలో పెద్దమనుషులకు ఈ లెక్క తేల్చడానికి ఒక టీ తాగేంత సేపు కూడా పట్టలేదు.

ఆ పేజీని ఏ రోజు, ఎక్కణ్ణుంచి తెరిచారో సర్వర్ తనంతట తాను రాసిపెట్టుకునే రిపోర్టులున్నాయి. అవి తెరిస్తే నిజం తేలిపోతుంది. తెరవబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ జయప్రకాష్ పెట్టింది. రేపే అమావాస్య. నేతగాళ్ళు అమావాస్య నాడు మగ్గం ముట్టరు గనుక సొసైటీ మీటింగులన్నీ ఆ రోజే పెడతారు. డిజైను బయటికి పోనిచ్చినవాళ్ళు ఆఫీసు మనిషైతే ఉద్యోగం పోతుంది, నేతగాడైతే సొసైటీ ఇక పట్టు ఇవ్వదు. అది సొసైటీ పుట్టినప్పుడు పెట్టుకున్న కట్టుబాటు. రేపటిలోగా రిపోర్టు చేతికి రాకపోతే, ధర్మవరం నేతగాళ్ళందరి ముందరా భారతి దొంగ.

అదీ సంగతి. ఇక పెనుకొండకు పోదాం.

రెండు వేల అయిదు వేసవి. బస్సు దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. జయప్రకాష్ అంగడి వెతుక్కోవాల్సిన అవసరం లేకపోయింది. బస్టాండు పక్క సందులో ఏ అంగడి ముందు పిల్లలు గుంపుగా ఉన్నారో అదే. పరీక్షల ఫలితాల రోజులు. లోపల రెండు కంప్యూటర్లు, ఒక జెరాక్సు మిషన్, లామినేషన్ చేసే పెట్టె, వాటి మధ్య చెమటతో తడిసిన చొక్కాలో జయప్రకాష్. మనిషి సన్నగా, పొడుగ్గా, అడిగినవాళ్ళందరికీ ఉపకారం చేస్తున్నట్టు మొహం పెట్టుకుని ఉన్నాడు.

"అన్నా, నేను భారతి. ధర్మవరం సొసైటీ నుంచి వచ్చినా."

అతను తలెత్తలేదు. "తెల్సు. మా అక్క ఫోన్ చేసింది. కూచో."

కూర్చుంది. ఒక పిల్లవాడి నంబరు, ఇంకో పిల్ల నంబరు, ఎవరిదో రేషన్ కార్డు నాలుగు కాపీలు. మధ్యలో కరెంటు పోయింది. వచ్చింది. మళ్ళీ పోయింది. భారతి లేచి అడగబోయిన ప్రతిసారీ జయప్రకాష్ చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. పని ఉండి ఆపుతున్నాడా, ఆపడమే పనిగా పెట్టుకున్నాడా అని ఆమెకు అనుమానం వచ్చింది. రెండోదే నిజమని మనకు తెలుసు.

గుంపు పలచబడ్డాక అతను తీరిగ్గా కుర్చీ తిప్పుకున్నాడు. "ఇప్పుడు చెప్పమ్మా. ఏం కావాల?"

"ఏం కావాలో నీకు తెలీదా అన్నా? మూడు వారాల నుంచి ఫోన్ చేస్తాండా. ఒకసారన్నా ఎత్తినావా?"

"బిజీగా ఉండా."

"సరేలే. రిపోర్టుల పాస్‌వర్డ్ చెప్పన్నా. రాసుకోని పోతా."

జయప్రకాష్ నవ్వాడు. "ఏమేం కొట్టి చూసినారు ఇన్ని దినాలు?"

"అవన్నీ ఇప్పుడెందుకు?"

"చెప్పమ్మా. ఊరికే అడుగుతాండా."

చెప్పింది, ఏం చేస్తుంది. అతని పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, నాగక్క పేరు, కదిరి నరసింహస్వామి, లేపాక్షి బసవన్న, గూగూడు కుళ్ళాయిస్వామి. ఒక్కో పేరుకూ అతను తల అడ్డంగా ఊపుతూ ఆనందిస్తున్నాడు. ప్రెసిడెంటు ఆదెప్ప పేరు కూడా కొట్టి చూశామని చెప్పేసరికి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఆయప్ప పేరు నేనేంటికి పెట్టుకుంటానమ్మా?"

"తిట్టుతో కలిపి కూడా కొట్టి చూసినాం."

"ఏం తిట్టు?"

"అన్నా!" భారతి గొంతు పెంచింది. జెరాక్సుకు వచ్చిన పెద్దాయన ఉలిక్కిపడి చూశాడు. "రేపు మీటింగన్నా. నన్ను దొంగ అంటాండారు. మా నాయన ఆరు నెలలు కూచోని గీసుకున్న అంచును నేను అమ్ముకున్నానంట. తిండి పోతాండ్లేదు మా ఇంట్లో ఎవరికీ. నీకు నవ్వులాటగా ఉండాదా?"

అతని నవ్వు కొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు.

"నేను చెప్పేది ఒకటే మాట. ఆదెప్ప అడగాల. నన్ను సొసైటీలో అందరి ముందర ఏమన్నాడో నీకు తెల్సా? అరిటాకు పచ్చ చీర తెరమీద నాచు రంగులో కనపడిందని, బొమ్మలు గీసేటోడికి బువ్వ దండగ అన్నాడు. తెరలో రంగు ఎట్ల మారుతుందో ఎంత చెప్పినా ఇనలేదు. ఆ పొద్దే అనుకున్నా, ఈయప్ప ఎప్పుడో ఒకసారి నాతో పని పడి, తప్పయిందని అడగాల. అప్పుడు చెప్తా."

ఇదీ ఈ మూడు వారాల కథంతా. ఆదెప్పను అడిగితే, "నేను వానితో మాట్లాడితే నా మర్యాదేం కావాల?" అంటాడు. జయప్రకాష్‌ను అడిగితే, ఆదెప్ప మాట్లాడందే నోరు విప్పనంటాడు. ఇద్దరు మగవాళ్ళ పంతాల మధ్య నలిగి చచ్చేది మాత్రం మూడో మనిషి, ఆ మూడో మనిషి ఎప్పుడూ ఏదో ఒక ఆడపిల్లే అవుతుంది. రాసే నాకే ఒళ్ళు మండుతోంది, ఆమెకు మండదా?

"సర్వర్ పెట్టుకున్న బెంగుళూరు కంపెనీని అడగలేదా?" అన్నాడు జయప్రకాష్, తనకేదో పట్టింపు ఉన్నట్టు.

"అడిగినా. ఖాతా నీ పేరు మీద ఉండాదంట. నీతోనే మాట్లాడతారంట."

"మరి!" అన్నాడు గర్వంగా.

భారతి ఒక్క నిమిషం అతని మొహంలోకి చూసింది. తర్వాత సంచిలోంచి సెల్‌ఫోన్ తీసి ఆదెప్పకు కలిపింది.

"ఆదెప్పన్నా, నేను భారతిని. పెనుకొండలో ఉండా, జయప్రకాషన్న ముందర. నువ్వు తప్పయిందంటే పాస్‌వర్డ్ చెప్తాడంట." అవతల్నుంచి వచ్చిన అరుపు అంగడంతా వినపడింది. భారతి ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని, అరుపు అయిపోయేదాకా ఆగింది. "సరేనన్నా. అయితే రేపు మీటింగులో నేను లేసి ఒక మాట చెప్తా. రిపోర్టు తెరుస్తే దొంగ దొరుకుతాడు, ఆదెప్పన్న ఒక్క మాట అనలేక తెరవనీలేదు అని చెప్తా. దొంగను ఎవరు దాచిపెడ్తాండారో వాళ్ళే అనుకుంటారు."

ఆదెప్ప చెడ్డవాడని నేను ఎప్పుడూ రాయలేదు. మొండివాడు. ఆ మొండివాడు గొంతు సవరించుకోవడం వినపడింది. "ఇయ్యి వానికి" అన్నాడు.

భారతి ఫోన్ జయప్రకాష్ చేతిలో పెట్టింది. అతను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆదెప్ప ఏమన్నాడో మనకు వినపడలేదు గానీ, జయప్రకాష్ మొహం చూస్తే చెప్పొచ్చు. గెలిచినవాడి మొహం అలా ఉండదు. నోరు కొంచెం తెరుచుకుంది, కళ్ళు జెరాక్సు మిషన్ మీదికి, అక్కణ్ణుంచి నేలమీదికి పోయాయి. "ఆ... సరేలేన్నా... అట్లనేలే... ఉంటా" అని ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

"అన్నాడా?" అంది భారతి.

"అన్నాడు."

"చెప్పు మరి." పెన్ను తీసింది.

జయప్రకాష్ లామినేషన్ పెట్టె స్విచ్ ఆపాడు. మళ్ళీ వేశాడు. బయట ఎవరైనా గిరాకీ వస్తారేమోనని చూశాడు. ఎవరూ రాలేదు.

"చెప్పన్నా!"

"నాకు తెలీదు."

"ఏందీ?"

"నాకూ తెలీదమ్మా." అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఆ పొద్దు తిక్క మీద ఉండా. పోతాపోతా పాస్‌వర్డ్ మార్చి పోదామనుకున్నా. గుర్తుండేది పెడితే, రేపు ఎవరన్నా బతిమాలితే మెత్తబడి చెప్పేస్తానని, కండ్లు మూసుకోని పది వేళ్ళతో కీబోర్డు మీద ఊరికే కొట్టినా. ఏం కొట్టినానో నేనే చూడలేదు."

"అబద్ధం. అది రెండుసార్లు అడుగుతాది కదా! చూడకుండా రెండుసార్లు ఒకటే ఎట్ల కొడతావు?"

"నోట్‌ప్యాడ్‌లో కొట్టి, కాపీ చేసి రెండుచోట్లా అతికించినా. తర్వాత సేవ్ చెయ్యకుండా మూసేసినా."

భారతికి మొదట ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. ధర్మవరం నుంచి హిందూపురం, హిందూపురం నుంచి పెనుకొండ. ఎత్తని ఫోన్లు. ఆఫీసులో కూర్చుని కొట్టి చూసిన దేవుళ్ళ పేర్లు. ఇంట్లో కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టకుండా లేచిపోతున్న నాయన. ఇదంతా, ఈ మనిషికి కూడా తెలియని ఒక ముక్క కోసం.

"మరి ఆ మాట మొదటి పొద్దే ఫోన్లో చెప్పేదానికేం?" ఇప్పుడు వచ్చింది కోపం. "ఎంత కులుకుతా కూచున్నావు ఇంతసేపు! నరసింహస్వామా అంటే కాదు, బసవన్నా అంటే కాదు. నీ కడుపులో ఏదో రహస్యం ఉన్నట్టు! ఏమీ లేనోనికి ఇంత మిడిసిపాటేందన్నా?"

"తెలీదంటే ఆదెప్ప నవ్వుతాడు" అన్నాడు జయప్రకాష్, చిన్న గొంతుతో. "పాస్‌వర్డ్ మర్చిపోయిన ఇంజినీరు అంటాడు."

"అంటాడు. నేనూ అంటా."

అతను కుర్చీ జరిపి, పక్కన ఇంకో స్టూలు వేశాడు. "ఇట్ల రా. పాత పాస్‌వర్డ్ ఎవరికీ తెలియాల్సిన పని లేదు."

"ఏమంటాండావు?"

"నువ్వు దినామూ చీరల ఫోటోలు ఎక్కిస్తావు కదా, ఆ పాస్‌వర్డ్ నీ దగ్గర ఉండాది కదా? దాంతో లోపలికి పో."

అది ఉంది. నిద్రలో లేపినా చెబుతుంది. ఫోటోలు ఎక్కించే దారి వేరు, రిపోర్టులు చూసే దారి వేరు, దేని పాస్‌వర్డ్ దానిదేనని ఆమె ఇంతకాలం అనుకుంది. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. చెప్పాల్సినవాడు చెప్పలేదు.

టైప్ చేసింది. తెరమీద వెబ్‌సైటు ఫోల్డర్లన్నీ వరసగా వచ్చాయి. రోజూ చూసేవే. జయప్రకాష్ పైన ఎక్కడో నొక్కి, దాచిన ఫైళ్ళను కూడా చూపించమని పెట్టాడు. రిపోర్టుల ఫోల్డర్లో, అంతకుముందు ఖాళీగా కనపడిన చోట, చుక్కతో మొదలయ్యే పేరున్న చిన్న ఫైలు ఒకటి ప్రత్యక్షమైంది.

"తాళం ఇదే. ఇందులో నా పేరు, పక్కన పాస్‌వర్డ్ మెలితిప్పి రాసుంటాది. ఆ మెలిక ఇప్పలేం. ఎవరూ ఇప్పలేరు. కానీ ఆ లైను కొట్టేసి నీ పేరుతో కొత్త లైను పెట్టొచ్చు. తాళంచెవి పోతే తాళమే మార్చేస్తాం కదా, అంతే."

"అంతేనా?"

"అంతే."

"ఇది ఫోన్లో చెప్పుంటే నేను ఆఫీసులోనే చేసుకుందును."

"చేసుకుందువు" అని ఒప్పుకున్నాడు.

కరెంటు పోయింది. ఇద్దరూ నల్లటి తెర ముందు కూర్చున్నారు. భారతి అట్ట ముక్కతో విసురుకుంది. జయప్రకాష్ ఒకసారి "టీ తెప్పించనా?" అన్నాడు. ఆమె చూసిన చూపుకు మళ్ళీ అడగలేదు. కరెంటు వచ్చింది. కంప్యూటర్ లేచింది. ఇంటర్నెట్ లేవలేదు. అది కూడా లేచాక, కొత్త లైను తయారుచేసి, ఫైలు పైకి పంపి, రిపోర్టు పేజీ తెరిచి, కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్ కొట్టింది. ఒకసారి తప్పు పడింది. రెండోసారి తెరుచుకుంది.

మూడు వారాలు ఆమెను ఏడిపించిన పేజీ, పచ్చా నీలం గీతలతో, అమాయకంగా కళ్ళముందు నిలబడింది.

"దాచిన పేజీకి విడిగా రిపోర్టు పెట్టినా, చూడు" అన్నాడు జయప్రకాష్. తను చేసిన పని బాగుందని అతనికి మళ్ళీ ప్రాణం లేచివచ్చింది. "ఇదో, ఇది బెంగుళూరు వ్యాపారి నెట్ లైను నంబరు. ఇది సొసైటీ ఆఫీసు, ఫోటోలు పెట్టిన పొద్దు మాత్రమే ఉండాది. అంటే నువ్వు మళ్ళీ ముట్టుకోలేదు. బయటపడినావుపో!"

భారతి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఎన్ని రోజులైందో అలా పీల్చి. నవ్వు వచ్చింది, దాని వెనకే కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. కొంగుతో తుడుచుకుంది.

"ఇంగో నంబరు ఉండాది" అన్నాడతను తెరమీదికి వంగి. "ఇది ధర్మవరమే. షాకిర్ నెట్ సెంటర్. ఆ లైను నేనే పెట్టించినా, అందుకే గుర్తు. మన దొంగ ఆడ కూచోని చూసినాడు." లెక్కలు కిందికి జరిపాడు. "ఇదేందబ్బా, ఇచిత్రంగా ఉండాది. నెలకొక పొద్దు. ఫిబ్రవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి, ఏప్రిల్లో ఒకసారి. వచ్చి ఒకటే ఫోటో చూసి పోతాడు. మార్చిలో మాత్రం మర్నాడు కూడా అదే సెంటర్ నుంచి తెరిచినారు, ఆ పొద్దు ఫోటోలన్నీ పెద్దవిగా దించుకున్నారు. మొదటోడు వేరే, మర్నాటోడు వేరే అనిపిస్తాంది. నెలకొకసారి వచ్చేటోడు ఎవడుంటాడు? జీతం పొద్దు కాదు, సంత పొద్దు కాదు."

గోడకు ఏదో ఫైనాన్సు కంపెనీ క్యాలెండరు వేలాడుతోంది. భారతి లేచి వెళ్ళి కాగితాలు వెనక్కి తిప్పింది. ఫిబ్రవరిలో ఆ తేదీ మీద నల్లటి గుండు. మార్చిలో నల్లటి గుండు. ఏప్రిల్లో, ఉగాది ముందు రోజు, నల్లటి గుండు.

"అమావాస్యన్నా! మూడూ అమావాస్యలే. నేతగాడు. మగ్గం లేని పొద్దు తీరిక చేసుకోని వచ్చినాడు. మనోడే ఎవడో!"

ఆ నిమిషంలో ఆమె సొసైటీలో తనను వేలెత్తి చూపించినవాళ్ళ మొహాలన్నీ వరసగా తలుచుకుంది. వాడా, వీడా, మొన్న మొహం తిప్పుకుని పోయినవాడా. ఎవడైతేనేం, రేపు వాడు నిలబడాలి, తను కూర్చోవాలి.

"కానీ ఆ పేజీ అడ్రసు నేతగాళ్ళకు ఎట్ల తెలుస్తాది?" అన్నాడు జయప్రకాష్. "వెబ్‌సైటులో యాడా లింకు లేదే. తెలిసినోళ్ళు ఎవరో కంప్యూటర్లో పెట్టియ్యాల."

భారతి చెయ్యి క్యాలెండరు మీదే ఆగిపోయింది.

పెట్టిచ్చింది. తనే పెట్టిచ్చింది. ఫోటోలు ఎక్కించిన వారమే, ఫిబ్రవరి అమావాస్య నాడు, నాయనను షాకిర్ సెంటర్‌కు తీసుకుపోయింది. సొసైటీ ఆఫీసులో కంప్యూటర్ గదిలోకి నేతగాళ్ళను ఆదెప్ప రానివ్వడు. మగ్గం మీద నాయన కళ్ళముందు ఎప్పుడూ జానెడు బట్టే ఉంటుంది, నేసింది నేసినట్టు చుట్టుకుపోతుంది. కోసి ఇచ్చేశాక ఆ చీర ఆయనది కాదు. ఆ రోజు తెరమీద కొంగూ, అంచూ, ఒళ్ళూ ఒకేసారి, వెలుగులో పరుచుకుని కనపడేసరికి కుళ్ళాయప్ప కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు. చాలాసేపు చూసి, "ఇంగోసారి చూడాలంటే ఎట్ల పాపా?" అని అడిగాడు. మూల కంప్యూటర్లో ఫేవరెట్స్‌లో పెట్టి, నొక్కడం నేర్పించింది. ఇంగ్లీషు రాదు గదా అంటే, "మూడో వరస అని గుర్తు పెట్టుకుంటాలే" అన్నాడు. తర్వాత ఆ సంగతే మర్చిపోయింది. ఆయన మర్చిపోలేదు. అమావాస్య అమావాస్యకూ, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, తన చీర తాను చూసుకోవడానికి పోయాడు. పోయినవాడు ఊరుకుని ఉంటాడా? పక్క కుర్చీలో వాణ్ణి పిలిచి చూపించి ఉంటాడు. ఇది నేను తీర్చిన అంచు అని చెప్పి ఉంటాడు. ఆ విన్నవాడు మర్నాడు వచ్చి అదే మూల కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

అమావాస్య నాడు షాకిర్ సెంటర్లో కూర్చునే నేతగాడు ఎవరని ధర్మవరంలో ఎవర్ని అడిగినా చెబుతారు. రేపు మీటింగులో అడగనక్కర్లేదు కూడా, అందరూ అక్కడే ఉంటారు. డిజైను బయటికి పోనిచ్చిన నేతగాడికి సొసైటీ పట్టు ఇవ్వదు. నాయనకు మగ్గం తప్ప ఇంకో పని రాదు.

"మూసెయ్యన్నా" అంది.

"ఏందీ?"

"ఆ పేజీ మూసెయ్. ఇది తెరుచుకోలేదు. నువ్వు చూడలేదు, నేను చూడలేదు."

జయప్రకాష్ ఆమె వైపూ తెర వైపూ మార్చి మార్చి చూశాడు. "రేపు నిన్ను దొంగ అంటారు కదమ్మా."

"అననీ."

"ఎవరో తెలిసిందా నీకు?"

ఆమె క్యాలెండరు కాగితాలను మళ్ళీ ముందుకు తిప్పి పెట్టింది. అతను తెలివితక్కువవాడు కాదు, తిక్కవాడు మాత్రమే. కాసేపటికి అతనికీ అర్థమైంది. "అయ్యో" అన్నాడు. ఆ తర్వాత అతని బుద్ధి అతనిది. "ఆదెప్ప చేత తప్పయిందనిపించినావు. ఇప్పుడు తెరుచుకోలేదంటే ఆయప్ప నన్నేమనుకుంటాడు?"

"పాస్‌వర్డ్ మర్చిపోయిన ఇంజినీరు అనుకుంటాడు. నిజమే కదా."

అతను నోరు మూసుకున్నాడు. పేజీ కూడా మూశాడు.

"దీన్ని కొట్టేసేదానికి అయితాదా అన్నా? ఎవరూ మళ్ళీ తియ్యకుండా?"

"ఈ పేజీ కొట్టెయ్యొచ్చు. కానీ అసలు రాత బెంగుళూరు కంపెనీ మిషన్లోనే ఉంటాది. అది మన చేతిలో లేదు. వాళ్ళు ఫోన్లో ఎవరికీ ఇయ్యరులే, నువ్వే చెప్పినావు కదా."

భారతి సంచి సర్దుకుంది. మనసు ఒకచోట నిలిచాక మనిషికి ఒక తేలిక వస్తుంది. దొంగ అన్న పేరు మోయడం ఆమెకు మూడు వారాలుగా అలవాటైంది, ఇంకొన్నాళ్ళు మోయగలదు. ఉద్యోగం పోతే అనంతపురంలో వెతుక్కుంటుంది. నాయనకు మాత్రం ఈ సంగతి ఎప్పటికీ తెలియకూడదు.

సంచిలో ఫోన్ మోగింది. బెంగుళూరు నంబరు.

"పాపా! నేను." కుళ్ళాయప్ప గొంతు. ఎస్టీడీ బూత్‌ల్లో మాట్లాడేవాళ్ళలా అరుస్తున్నాడు. "యాడుండావు?"

"పెనుకొండలో నాయనా. నువ్వేంది... బెంగుళూరులో ఉండావా?"

"పొద్దున్నే మగ్గం ఇడిచిపెట్టి ప్యాసింజరు ఎక్కేసినా. నీ అవస్థ చూడలేక కడుపు తరుక్కుపోయింది పాపా. ఆ కంపెనీ యాడుండాదో అడుక్కుంటా అడుక్కుంటా వచ్చినా. మొదట లోపలికి రానీలేదు. మెట్ల మీదే కూచున్నా, కన్నడంలో బతిమాలుకున్నా. ఆడొకాయన మన మడకశిర మనిషే పాపా! సొసైటీ కార్డు చూపిచ్చినా, వాళ్ళ కంప్యూటర్లోనే నా చీర చూపిచ్చినా. ఆ దాచిపెట్టిన పేజీది మొత్తం తీసి, ఏ నంబరు యాడిదో గూడా ఇంగ్లీషులో రాసి, కాగితాల మీద అచ్చు కొట్టించినాడు."

"నాయనా, ఆ కాగితాలు... అవి నీ దగ్గరే పెట్టుకో. ఎవరికీ ఇయ్యొద్దు. నేను వస్తాండా, నేను వచ్చేదాకా..."

"నాకు ఇంగ్లీషు వస్తాదా, నేను పెట్టుకోని ఏం చేసుకునేది? ఆదెప్పకు ఫ్యాక్సు పంపించేసినాం, ఇప్పుడే. అందిందని ఫోన్ గూడా చేసినాడు." ఆయన గొంతులో, ఈ మూడు వారాల్లో ఎప్పుడూ వినపడని సంతోషం. "ఇంగ నిన్ను ఎవరూ ఏమీ అనరు పాపా. ఆదెప్పకు ఒకటే మాట చెప్పినా. ఆ కాగితాల్లో ఎవుడు దొరికితే వాడు, ఎవుడైనా సరే, నా పక్క మగ్గమోడైనా సరే, రేపట్నుంచి వానికి పట్టు ఇయ్యొద్దని మీటింగులో నేనే లేసి అడుగుతా."